పాత స్పోర్ట్స్ కారు ఎత్తు మార్చాలనుకుంటే: స్ప్రింగులా, దిమ్మలా, కాయిలోవర్లా?

పాత స్పోర్ట్స్ కారు చేతికి రాగానే చాలామంది కళ్లు మొదట టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఉన్న ఖాళీ మీద పడతాయి. ముందు ఒకలా, వెనక ఒకలా, ఎడమకీ కుడికీ తేడా. కొంచెం దించితే చూడ్డానికి బాగుంటుంది, మలుపుల్లో పట్టు కూడా పెరుగుతుంది అనిపిస్తుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ విడిభాగాలకు ఆర్డరు పెట్టే ముందు టేపు తీసుకుని కొలవండి. ఎత్తు మార్చాలని బయల్దేరినవాళ్లలో చాలామందికి కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి ఎత్తు తిరిగి వస్తే చాలు. ఇది నేను చూసి చెప్తున్న మాట.

నా రెండు సీట్ల కారులో వెనక ఎడమ మూల కుడివైపు కంటే 18 మి.మీ. కిందికి ఉండేది. ఎత్తు సర్దుకునే కిట్ కొనేద్దామని దాదాపు నిర్ణయించుకున్నాను. ఒక సాయంత్రం కారు కిందికి దూరి టార్చి వేసి చూస్తే కమాన్ (లీఫ్ స్ప్రింగు) పట్టీల్లో రెండోది యాక్సిల్ బిగింపు పక్కనే విరిగి ఉంది. పగులు లోపలంతా తుప్పు రంగు. అంటే అది విరిగి చాలాకాలమైంది, ఆ మూల బరువంతా మిగతా పట్టీలు మోస్తున్నాయి. రెండువైపులా కొత్త కమాన్లు వేశాక తేడా 3 మి.మీ.కి వచ్చింది. కిట్ ఊసు మళ్లీ రాలేదు.

కొలవడం ఎలా?

సులువైన కొలత చక్రం నడిమి హబ్ మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు. టైరు సైజు మారినా, గాలి తగ్గినా ఈ అంకె మారదు. ఒక్కటే చిక్కు. పాత కారుకి ఎప్పుడో మడ్‌గార్డు కోసి కొత్త రేకు అతికించి ఉండొచ్చు, అలాంటప్పుడు రెండువైపులా అంచులు ఒకే ఎత్తులో ఉండవు. అందుకే ఛాసిస్ మీది బిందువులు నమ్మదగ్గవి: కింది విష్‌బోన్ (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే ఆర్మ్) లోపలి బోల్టు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, బయటి బాల్ జాయింట్ (చక్రం వైపు ఉండే గుండ్రటి కీలు) ఎంత ఎత్తులో ఉంది. పోర్షె 911 వర్క్‌షాప్ పద్ధతి కూడా ఇదే బాటలో ఉంటుంది. అక్కడ చక్రం మధ్యకీ టార్షన్ బార్ (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) మధ్యకీ ఉన్న ఎత్తు తేడా చూస్తారు, మడ్‌గార్డు జోలికే పోరు.

నేల సమంగా ఉండాలి. టైర్లలో సరైన గాలి, ట్యాంకులో సగం పెట్రోలు, డ్రైవర్ సీటులో మీ బరువుకి సరిపడా ఇసుక సంచులు. జాకీ దించిన వెంటనే కొలిస్తే ఆ అంకె తప్పు. గాల్లో వేలాడిన చక్రం నేల తాకేటప్పుడు పక్కకి జరగాలి, రబ్బరు నేలని పట్టుకోవడం వల్ల జరగలేక కారు పైనే ఆగిపోతుంది. కారుని నాలుగైదు మీటర్లు ముందుకీ వెనక్కీ తోసి, నాలుగు మూలలా నొక్కి వదిలి, అప్పుడు కొలవండి. తోయడానికి చోటు లేకపోతే ప్రతి టైరు కింద రెండు ప్లాస్టిక్ షీట్లు పరిచి వాటి మధ్య గ్రీజు రాయండి. టైరు దానంతటదే సర్దుకుంటుంది.

చాలామంది పట్టించుకోని విషయం రబ్బరు బుష్‌లు, అంటే సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు గొట్టాలు. వాటి బోల్టులను చక్రాలు వేలాడుతుండగా బిగించేస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టేస్తుంది. కారు కిందికి దిగాక అది మెలితిరిగి అదనపు స్ప్రింగులా పనిచేస్తుంది. కారు ఎత్తుగా కూర్చుంటుంది, కొన్నాళ్లకు రబ్బరు చీలుతుంది. కొత్త స్ప్రింగులు వేసినా కారు దిగలేదని బాధపడేవాళ్లు ముందు ఆ బోల్టులు వదులు చేసి, కారు తన బరువు మీద నిలబడ్డాక మళ్లీ బిగించి చూడాలి.

దించితే ఏమవుతుంది?

మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. కారు బరువు కేంద్రం దానికంటే ఎంత పైన ఉంటే అంత ఎక్కువ ఒరుగుతుంది. స్ట్రట్ సస్పెన్షన్ (స్ప్రింగు, షాకరు ఒకే నిలువు కాలుగా చక్రాన్ని పట్టుకునే రకం) ఉన్న కారుని 30 మి.మీ. దించితే బరువు కేంద్రం కూడా దాదాపు అంతే దిగుతుంది, రోల్ సెంటర్ మాత్రం అంతకంటే ఎక్కువ కిందికి పోతుంది. రెంటి మధ్య దూరం పెరుగుతుంది. కారు కిందికి వచ్చింది, ఒరగడం మాత్రం ఎక్కువైంది. దాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగు, ఇంకా లావు యాంటీ రోల్ బార్ (రెండువైపుల చక్రాలనీ కలిపి ఒరగడం తగ్గించే కడ్డీ) అంటూ ఖర్చు సాగుతూనే ఉంటుంది. కింది ఆర్మ్ బయటి చివర లోపలి చివర కంటే కొంచెం కిందికి ఉండటం, పోనీ కనీసం సమంగా ఉండటం మంచి గుర్తు. బయటి చివర పైకి లేచి ఉంటే కారు అతిగా దిగిపోయినట్టే.

రెండోది బంప్ స్టీర్. టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ), కింది ఆర్మ్ దాదాపు ఒకే వంపులో పైకీ కిందికీ కదిలేలా ఇంజినీర్లు లెక్క వేసి ఉంటారు. ఎత్తు మారితే ఆ జత చెడుతుంది. గుంత వచ్చిన ప్రతిసారీ స్టీరింగ్ తిప్పకుండానే చక్రం తిరగడం మొదలవుతుంది. చేతుల్లో కారు గింజుకుంటున్నట్టు ఉంటుంది.

మూడోది బంప్ స్టాపర్, అంటే సస్పెన్షన్ కదలికని చివర్లో ఆపే రబ్బరు దిమ్మ. సస్పెన్షన్ పైకి కదలడానికి 70 మి.మీ. చోటు ఉన్న కారుని 40 దించితే మిగిలేది 30. మలుపు మధ్యలో ఆ రబ్బరు దిమ్మ తగిలిందంటే స్ప్రింగు ఒక్కసారిగా ఎన్నో రెట్లు గట్టిపడినట్టే. ఆ చక్రం పట్టు వదిలేస్తుంది. వేగంగా వెళ్తుంటే ఇది ప్రమాదం.

దించడమే మేలు చేసే కార్లూ ఉన్నాయి. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌లో వెనక స్వింగ్ యాక్సిల్ ఉంటుంది. హాఫ్ షాఫ్టు (చక్రాన్ని తిప్పే కడ్డీ) డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే పళ్లపెట్టె) పక్కన ఉన్న జాయింటు దగ్గర వంగుతుంది, దాంతోపాటు చక్రం గొడుగు పుల్లలా పైకీ కిందికీ ఊగుతుంది. మలుపులో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేస్తే వెనక భాగం లేస్తుంది, బయటి చక్రం కారు కిందికి మడుచుకుంటుంది. 1970లో వచ్చిన మార్క్ 4 నుంచి స్ప్రింగు మధ్యలో కదిలేలా మార్చి ఈ గుణాన్ని చాలావరకు తగ్గించారు. మొదటి రకం కార్లలో వెనక ఎత్తుగా ఉంటే దించాల్సిందే. మనిషి కూర్చున్నాక వెనక చక్రాల పైభాగం కొంచెం లోపలికి వాలి ఉండాలి. ఎంజీబీ కథ ఇంకోటి. అమెరికా నిబంధనలకు తగ్గట్టు 1974 చివర్లో రబ్బరు బంపర్లు పెట్టి, కారుని సుమారు ఒకటిన్నర అంగుళం లేపారు. అలాంటి కారుని ఆ ఒకటిన్నర అంగుళం దించేవాళ్లు మొదట గీసిన ఎత్తుకే వెళ్తున్నారు కాబట్టి నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ఫ్యాక్టరీ ఎత్తులోనే కొత్త సామాను

రోడ్డు మీద నడిపే పాత కారుకి నేను మొదట చెప్పే సలహా ఇదే: ఫ్యాక్టరీ కొలతల స్ప్రింగులు, మంచి షాకర్లు, కొత్త బుష్‌లు. దశాబ్దాలుగా బరువు మోసిన స్ప్రింగు కుంగి ఉంటుంది. షాకర్లలో నూనె కారిపోయి ఉంటుంది. ఇలాంటి కారు మెత్తగా ఊగుతుంటే డిజైన్ పాతదని అనుకుంటాం, నిజానికి అరిగిపోయిన భాగాలతో నడుస్తున్నాం. మూడూ కలిపి మార్చాక ఒక్క వెయ్యి కిలోమీటర్లు నడపండి. ఆ తర్వాత కూడా దించాలనిపిస్తే అప్పుడు మిగతా దారులు చూడొచ్చు. అందం తగ్గిందని కొందరు బాధపడతారు కానీ, గుంతల రోడ్డు మీద రోజంతా నడిపి అలసట లేకుండా దిగినప్పుడు ఈ ఎంపిక విలువ తెలుస్తుంది.

కారులోనే ఉన్న సర్దుబాటు

కొన్ని కార్లలో ఎత్తు మార్చే ఏర్పాటు డిజైన్‌లోనే ఉంది. మీది అలాంటి కారైతే బయటి కిట్ వైపు చూడకండి.

టార్షన్ బార్లతో వచ్చిన 911 ముందు భాగంలో ఒక్కో వైపు ఒక్కో స్క్రూ ఉంటుంది. స్పానర్‌తో తిప్పితే ఎత్తు మారుతుంది. వెనక మాత్రం ఓపిక కావాలి. బార్ లోపలి చివర 40 పళ్లు, బయటి చివర 44 పళ్లు ఉంటాయి. లోపల ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు, బయట ఒక పన్ను జరిపితే దాదాపు 8.2 డిగ్రీలు. ఒకదాన్ని ఇటు, రెండోదాన్ని అటు ఒక్కో పన్ను జరిపితే మిగిలే తేడా 0.8 డిగ్రీలు. ఇంత చిన్న మార్పు చేతికి అందేలా ఎవరో కూర్చుని ఆలోచించారు. ఆ బార్ చేత్తో పట్టుకుని పళ్లు లెక్కపెట్టినప్పుడల్లా నాకు ఆ ఇంజినీర్ల మీద గౌరవం కలుగుతుంది. తర్వాతి సంవత్సరాల కార్లలో స్ప్రింగ్ ప్లేటుని (బార్‌ని వెనక చక్రానికి కలిపే పట్టీ) రెండు ముక్కలుగా చేసి, మధ్యలో సర్దుకునే బోల్టు పెట్టారు కాబట్టి చిన్న మార్పులకు బార్ బయటికి తీయక్కర్లేదు. ఒక జాగ్రత్త: ఆ ప్లేటు తన స్టాపర్ మీద నుంచి జారేటప్పుడు బలంగా కిందికి కొడుతుంది. జాకీతో ఆనించి పట్టుకోకుండా విప్పకండి. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ ముందు భాగంలోనూ టార్షన్ బార్లే, అక్కడ కూడా పళ్లు జరిపే ఎత్తు మారుస్తారు.

1963 నుంచి 1982 వరకు వచ్చిన కార్వెట్లలో వెనక అడ్డంగా ఒకే లీఫ్ స్ప్రింగు ఉంటుంది. దాని రెండు చివర్లలో పొడవాటి బోల్టులుంటాయి. ఇంకా పొడవైన బోల్టులు వేస్తే వెనక భాగం దిగుతుంది, నట్టు తిప్పి కావలసినంత సర్దుకోవచ్చు. నచ్చకపోతే పాత బోల్టులు తిరిగి వేస్తే సరి. నేను చూసిన మార్పుల్లో వెనక్కి తీసుకోవడానికి ఇంత సులువైనది ఇంకోటి లేదు.

దిమ్మలు, స్పేసర్లు

లీఫ్ స్ప్రింగుల కార్లలో యాక్సిల్‌కీ కమానుకీ మధ్య ఇనుప దిమ్మ పెడతారు. ఏవైపు పని చేస్తుందో ముందే చూసుకోండి. కమాను యాక్సిల్ కింద బిగించి ఉంటే దిమ్మ కారుని దించుతుంది, యాక్సిల్ పైన ఉంటే అదే దిమ్మ లేపుతుంది. పొడవైన యు-బోల్టులు కొత్తవే వేయాలి. దిమ్మ ఎత్తయ్యేకొద్దీ బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ కమానుని ఎక్కువ బలంతో మెలితిప్పుతుంది. 25 మి.మీ. లోపు దిమ్మకి నేను ఒప్పుకుంటాను. 50 దగ్గరికి వచ్చేటప్పటికి దిమ్మ వద్దు, వంపు తగ్గించి చేసిన కమాన్లే వేయించుకోండి.

కాయిల్ స్ప్రింగు కింద పెట్టే స్పేసర్ల విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. స్ప్రింగు ఆర్మ్ మీద సగం దూరంలో కూర్చుని ఉంటే 10 మి.మీ. స్పేసర్ చక్రం దగ్గర 20 మి.మీ. అవుతుంది. కావలసిన ఎత్తుకి సరిపడా మందం కొని పెట్టాక కారు జీపులా లేచి నిలబడేది ఇందుకే. స్ప్రింగు గట్టిదనం లెక్క కూడా ఇక్కడే ఉంది: అదే సగం దూరానికి చక్రం దగ్గర తెలిసే గట్టిదనం స్ప్రింగు మీద రాసినదాంట్లో నాలుగో వంతే.

పొట్టి స్ప్రింగులు

బాగా చేసిన లోయరింగ్ స్ప్రింగు పొట్టిగా ఉండటంతోపాటు కొంచెం గట్టిగా ఉంటుంది. సస్పెన్షన్ కదిలే చోటు తగ్గింది కాబట్టి ఆ మేరకు గట్టిదనం పెరగాలి. 20 నుంచి 25 మి.మీ. దించేవి చాలా కార్లకు సరిపోతాయి, అంతకు మించితే పైన చెప్పిన మూడు సమస్యలూ కలిసి వస్తాయి. స్ప్రింగు తీగ మందం చూసి మోసపోకండి, ఆ తేడా కంటికి చిన్నదే. గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే 12 మి.మీ. తీగ బదులు 13 మి.మీ. తీగ వాడితే మిగతావన్నీ అలాగే ఉన్నా స్ప్రింగు దాదాపు 38 శాతం గట్టిపడుతుంది. దాన్ని అదుపు చేయడం పాత షాకరు వల్ల కాదు.

పాత స్ప్రింగునే ఒక చుట్టు కోసేద్దామని కొందరు అంటారు. ఎనిమిది చుట్లలో ఒకటి పోతే గట్టిదనం సుమారు 14 శాతం పెరుగుతుంది, లెక్క వరకు బాగానే ఉంది. కోసిన చివర సీటులో సరిగా కూర్చోదు, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు వదులై చోటు తప్పుతుంది. గ్యాస్ కట్టర్‌తో కోస్తే ఆ వేడికి ఉక్కు గుణమే చెడుతుంది. ఇది చేయకండి.

నాలుగు చక్రాలకూ స్ట్రట్లు ఉన్న 1969 నాటి డాట్సన్ 240జడ్ లాంటి కారులో పొట్టి స్ప్రింగు ఒక్కటే వేస్తే షాకరు రాడ్ ఎప్పుడూ సగం లోపలికి దిగిపోయి ఉంటుంది. ఎక్కువ దించాలంటే స్ట్రట్ గొట్టాన్ని కోసి పొట్టిచేసి, పొట్టి ఇన్సర్టులు (గొట్టంలో దూర్చే షాకర్లు) పెట్టించాలి. స్ట్రట్ అడుక్కీ స్టీరింగ్ ఆర్మ్‌కీ మధ్య స్పేసర్ వేసి ఆర్మ్ కోణాన్ని మళ్లీ సరిచేయాలి. ఇంత పని చేయించే ఉద్దేశం లేకపోతే కొంచెమే దించి ఆపేయండి.

కాయిలోవర్లు

షాకరు చుట్టూ స్ప్రింగు ఉండి, రింగు తిప్పి ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు అందరికీ ఆకర్షణ. అవి ఎవరికి నిజంగా పనికొస్తాయంటే, ట్రాక్ మీద నడిపేవాళ్లకి, ప్రతి చక్రం మీద బరువు కొలిచి సమతూకం చేసుకునేవాళ్లకి. నాలుగు కాళ్ల బల్లలో ఒక కాలు కింద అట్టముక్క పెడితే ఆ కాలూ, దాని ఎదురు మూల కాలూ బరువు మోస్తాయి, మిగతా రెండూ తేలికపడతాయి. కారూ అంతే. ముందు ఎడమ రింగు పైకి తిప్పితే ముందు ఎడమ, వెనక కుడి మీద బరువు పెరుగుతుంది. నాలుగు త్రాసులు పెట్టి రెండు కర్ణాల మొత్తాలూ సమానంగా, అంటే 50 శాతం దగ్గరగా తెచ్చుకుంటే కారు ఎడమకీ కుడికీ ఒకేలా తిరుగుతుంది. ఈ పని చేసేటప్పుడు యాంటీ రోల్ బార్ లింకు విప్పి ఉంచాలి, లేకపోతే త్రాసు చూపేది తప్పు. త్రాసులు వాడే ఉద్దేశం లేనివాళ్లు రింగులు కంటి అంచనాతో తిప్పితే ఎత్తు సమంగా కనిపిస్తుంది, బరువు మాత్రం ఒక కర్ణం మీద పడుతుంది. బ్రేకు గట్టిగా వేసినప్పుడు తేలికైన చక్రం ముందే లాక్ అవుతుంది.

రింగు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందన్న నమ్మకం కూడా ఉంది. మామూలు స్ప్రింగు విషయంలో అది నిజం కాదు. కారు బరువు మారలేదు కాబట్టి స్ప్రింగు నలిగేది కూడా అంతే, కారు మాత్రం పైకి వస్తుంది.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న బిగించే చోటు. టార్షన్ బార్ ఉన్న 911లో వెనక షాకరు పై బోల్టు షాకరు బలాన్ని తట్టుకోవడానికే చేసింది. అక్కడ కాయిలోవర్ పెడితే కారు వెనక బరువంతా ఆ రేకు మీద పడుతుంది, దానికి బలం చేర్చకుండా వేయకూడదు. ఎంజీబీ ముందు భాగంలో లివర్ షాకరు (చేయి ఊపుతూ పనిచేసే పాత రకం) చేయే పై విష్‌బోన్, కాబట్టి కాయిలోవర్ అంటే ముందు సస్పెన్షన్ మొత్తం మారినట్టే. అది తప్పని అనను, కానీ ఎత్తు కోసమే అయితే అంత పని అక్కర్లేదు. స్పిట్‌ఫైర్ ముందు భాగంలో ఫ్యాక్టరీ నుంచే స్ప్రింగు, షాకరు కలిసి ఉంటాయి. అక్కడ సర్దుకునే రకం వేయడం గంటల్లో అయ్యే పని, దానికి నేను వెంటనే సరే అంటాను.

షాకర్లు

సర్దుకునే షాకర్లు ఉంటే పూర్తిగా మెత్తగా పెట్టి మొదలుపెట్టండి. గుంత దాటాక కారు ఒక్కసారి లేచి ఆగాలి. రెండో ఊపు ఉంటే ఒక క్లిక్ బిగించండి. చిన్న గతుకులకే పళ్లు కొట్టుకుంటుంటే ఎక్కువ బిగించినట్టు. పాత తరహా కోని షాకర్లలో బయట స్క్రూ ఉండదు. ఊడదీసి, రాడ్ పూర్తిగా లోపలికి నొక్కి, అడుగున ఉన్న నట్టుకి పట్టుకునేలా తిప్పాలి. మారేది రిబౌండ్ (నలిగిన స్ప్రింగు తిరిగి లేచేటప్పటి బిగువు) మాత్రమే. సగం చుట్టు చొప్పున, రెండువైపులా సమానంగా.

పని అయ్యాక

ఏ దారి ఎంచుకున్నా అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. దించితే చాలా సస్పెన్షన్లలో క్యాంబర్ మారి చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది, టైరు లోపలి అంచు కొద్ది నెలల్లోనే గుండు అవుతుంది. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర వరకు తిప్పి బ్రేకు గొట్టం ఎక్కడా లాగట్లేదని, టైరు ఎక్కడా తగలట్లేదని చూడండి. హెడ్‌లైట్ల చూపు సరిచేయండి. ముందు భాగం ఒక్కటే దిగితే వెలుగు రోడ్డు మీద దగ్గరే పడుతుంది, వెనక భాగం ఒక్కటే దిగితే ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది.

కొత్త స్ప్రింగు మొదటి రోజు చూపించే ఎత్తు నమ్మకండి. 500 కిలోమీటర్లు నడిచాక ఇంకొన్ని మిల్లీమీటర్లు కూర్చుంటుంది. అప్పుడు అదే నేల మీద, అవే ఇసుక సంచులతో నాలుగు మూలలూ మళ్లీ కొలిచి, మొదటి అంకెల పక్కనే రాసుకుని, అలైన్‌మెంట్‌కి అప్పుడే తీసుకెళ్లండి.